వర్ణపట శాస్త్రవేత్త రంగధామరావుగారు

రాంట్జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నది 1895లో. ఆ తరువాత మూడేండ్లకు, 1898లో, మన బరంపురంలో ఆచార్య కొచ్చెర్లకోట రంగధామరావుగారు జన్మించారు. నాడు గంజాం మదరాసు రాజధానిలోని జిల్లా. 1936లో గాని ఒడిశాలో చేరలేదు.

విజయనగరంలో ఎ.ఎల్. నారాయణ్‌గారి వద్ద వర్ణపట పరిశోధన ఆరంభించి, లండనులో ఫౌలర్ వద్ద, జర్మనీలో పాషెన్ వద్ద ఆయన ఆ విద్యకు మెరుగులు దిద్దుకొన్నారు. ప్రతి మూలకమూ తనవైన కాంతిరేఖలనే వెలువరిస్తుంది. వాటిని కొలిచి పరమాణువు లోపలి అమరికను గ్రహించడమే ఈ శాస్త్రం. ఎక్స్-కిరణాలకు సమీపమైన అతినీలలోహిత కాంతిని గాలియే హరించివేస్తుంది. కనుక పరికరంలోని గాలిని తోడివేసి ఛాయాచిత్రం తీయాలి. ఎంత ఓర్పు కావాలో ప్రయోగశాలలో నిలిచినవారికే తెలుసు!

1926లో వెలసిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్ర పరిశోధనకు సారథ్యం వహించి, వాల్తేరును వర్ణపట పరిశోధనకు పేరెన్నికగన్న కేంద్రంగా తీర్చిదిద్దారు. 1950లో డెమెల్ట్, క్రూగర్ కనుగొన్న న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెజొనెన్సును, ఏబది దాటిన వయసులో, తామే మరల విద్యార్థియై అక్కడ నెలకొల్పారు. నా దృష్టిలో ఆయన ఘనత ఇదే.

రామన్‌గారి పేరెరిగిన మన బాలలు, ఈ ఊరివాడైన రంగధామరావుగారి పేరు కూడా ఎరగవలదా? మరొక ముచ్చట: అక్కడి సైన్సు కళాశాలకు భూరి విరాళమిచ్చిన విక్రమదేవవర్మగారు కూడా నేటి ఒడిశాలోని జయపురం మహారాజే. రంగధామరావుగారు 1972లో కీర్తిశేషులయ్యారు.