అందుగు బంక, బొంబాయి రేవు, మన రాణీబాగ్



పోయిన వారం మన గ్రూపులో ఎవరో అడిగారు: "ఇంట్లో శుక్రవారం వేసే సాంబ్రాణి అసలు ఎక్కడి నుంచి వస్తుంది?" ఒకరు సుమత్రా అన్నారు, ఒకరు అరబ్బు దేశం అన్నారు, ఒకరు మన నల్లమల అడవి అన్నారు. ఇంకొకాయన "అంతా బొగ్గుపొడి, సెంటు" అని కొట్టిపారేశారు. నలుగురి మాటలోనూ నిజం ఉంది. ఆ నాలుగు నిజాలూ కలిసే చోటు కూడా మన కామాఠీపురానికి అరగంట నడక దూరంలోనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, తీరిక చూసుకుని చదవండి.

ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం. నేను తమిళ మీడియంలో చదువుకున్నవాణ్ణి. తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. అందువల్ల ఏ వస్తువుకైనా రెండు మూడు పేర్లు పక్కపక్కన పెట్టి చూసే అలవాటు ఉండిపోయింది. తమిళంలో సాంబిరాణి, కుంగిలియం, కుందురుక్కం అని మూడు వేరువేరు మాటలున్నాయి. మన కుంగిలియమే తెలుగులో గుగ్గిలం. బొంబాయి దుకాణంలో అడిగితే లోబాన్, ఊద్, ధూప్ అంటాడు. ఇవన్నీ ఒకటే సరుకు అనుకుంటే పొరపాటు. సుమత్రా వైపు నుంచి వచ్చేది వేరే చెట్టు బంక. దాన్ని అరబ్బు వర్తకులు "లుబాన్ జావీ" అన్నారు. ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి అదే బెంజోయిన్ అయింది. గుగ్గిలం ముఖ్యంగా సాల వృక్షానిది. అరేబియా దక్షిణ తీరం, సోమాలియా కొండల నుంచి వచ్చేది అసలు కుందురు. ఈ కుందురు చెట్టుకు సొంత చెల్లెలు మన తెలుగు కొండల్లోనే ఉంది. అదే అందుగు చెట్టు. సంస్కృతంలో శల్లకి, హిందీలో సలయి. దాని బంకను మనవాళ్లు పరంగి సాంబ్రాణి అంటారు. తమాషా చూడండి, మన కొండ మీద పుట్టినదానికి పరదేశి పేరు పెట్టుకున్నాం.

అందుగు ఎలాంటి చెట్టు? నీళ్లు లేని చోట బతికే చెట్టు. రాతి గుట్టలు, పలచటి మట్టి, మిగతా చెట్లు నిలవలేని వాలు, అదే దాని ఇల్లు. ఆదిలాబాద్, నల్లమల, రాయలసీమ కొండల నుంచి మధ్యప్రదేశ్, రాజస్థాన్ దాకా ఉంది. బెరడు బూడిద రంగులో పచ్చని ఛాయతో, పలచని కాగితం పొరల్లా ఊడిపోతుంది. ఎండాకాలానికి ముందే ఆకులన్నీ రాల్చేసి, మోడుగా నిలబడి పూలు పూస్తుంది. పశువులు దాన్ని పెద్దగా మేయవు. అడవి మంటలకు కూడా చాలావరకు తట్టుకుంటుంది. దాని బలహీనత ఒక్కటే, కాళ్ల కింద నీళ్లు నిలిస్తే ఓర్చుకోలేదు.

చలికాలం మొదలయ్యాక కాండం మీద బెరడు పలచగా చెక్కుతారు. చెట్టు ఆ గాయాన్ని మూసుకోవడానికి పాలలాంటి జిగురు వదులుతుంది, అది గాలికి గట్టిపడుతుంది. కొన్నాళ్లకోసారి గాటును కొంచెం కొంచెం పెంచుతూ వానలు వచ్చేలోగా పని ముగిస్తారు. మంచి చెట్టు ఏడాదికి కిలో, ఆ పైన కొంచెం ఇస్తుంది. తెచ్చిన బంకను వెదురు బుట్టలో వేసి ఉంచితే పలచటి రసం కిందికి కారిపోయి, గట్టి భాగం పైన మిగులుతుంది. దాన్ని ఎండబెట్టి, పగలగొట్టి, రంగును బట్టి వేరు చేస్తారు. తేనె రంగు ముక్క మేలు రకం, బెరడు పేళ్లు కలిసిన నల్ల ముక్క నాసి రకం. నిప్పు మీద వేస్తే కమ్మటి వాసన వచ్చేది అందులోని నూనె వల్ల, పొగ లేచేది రెసిన్ వల్ల.

ఇప్పుడు చరిత్రకు వద్దాం. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780లలో మన సామర్లకోటలో ఉంటూ కోరమాండల్ తీరం మొక్కలెన్నిటికో బొమ్మలు గీయించి, తెలుగు పేర్లతో సహా రాసిపెట్టాడు. ఈ చెట్టు జాతికి బాస్వెల్లియా అన్న శాస్త్రీయ నామం ఆయన పెట్టినదే. 1807లో కోల్‌బ్రూక్ అనే పండితుడు ఒక వ్యాసం రాసి, ప్రాచీన కాలం నుంచి గుళ్లలో, చర్చిల్లో వెలిగించే ధూపం ఈ భారతదేశపు చెట్టుదేనని వాదించాడు. శాస్త్రజ్ఞులు చాలామంది నమ్మారు. అంటే కొన్ని దశాబ్దాల పాటు ప్రపంచం మన అందుగునే అసలు సాంబ్రాణి చెట్టు అనుకుంది.

ఆ లెక్క సరిచేసింది బొంబాయి. అప్పట్లో సోమాలీ కొండల్లో, అరేబియా తీరంలో తీసిన కుందురు చాలావరకు ఏడెన్ మీదుగా బొంబాయి రేవుకే వచ్చేది. ఇక్కడ గోదాముల్లో మేలు, నాసి వేరు చేసి, కట్టలు కట్టి, లండన్‌కు, చైనాకు ఎక్కించేవారు. 1872–73 ఒక్క ఏడాదిలో బొంబాయి నుంచి 25 వేల హండ్రెడ్‌వెయిట్లకు పైగా ఎగుమతి అయింది. మన లెక్కలో పన్నెండు వందల టన్నులు దాటింది. సరుకు ఇంత వస్తున్నా చెట్టు ఏదో సరిగ్గా ఎవరికీ తెలియదు. 1844–46లో పాలినూరస్ అనే సర్వే ఓడ అరేబియా దక్షిణ తీరాన్ని కొలిచినప్పుడు, ఆ ఓడ వైద్యుడు హెన్రీ జాన్ కార్టర్ అక్కడ చెట్టును కళ్లారా చూసి, బొంబాయి వచ్చి వివరంగా రాశాడు. తరవాత ఏడెన్‌లో పనిచేసిన ప్లేఫేర్ అనే అధికారి సోమాలీ కొండల నుంచి కొమ్మలు, నమూనాలు పంపించాడు. వాటిని బొంబాయిలో అందుకున్నవాడు జార్జ్ బర్డ్‌వుడ్, గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఆచార్యుడు. ఆ మొక్కల్లో కొన్నిటిని బైకుల్లా విక్టోరియా గార్డెన్స్‌లో పెంచి చూశారు. అదే 1862లో తెరిచిన మన రాణీబాగ్.

ఆ నమూనాలను ఆధారం చేసుకుని బర్డ్‌వుడ్ 1870 ప్రాంతంలో మూడు కొత్త పేర్లు ప్రకటించాడు. ఒకటి కార్టర్ పేర, ఒకటి బొంబాయి గవర్నర్ బార్టల్ ఫ్రేర్ పేర. మూడోది ఎవరి పేర అనుకున్నారు? డాక్టర్ భావూ దాజీ లాడ్ పేర. గోవాలో పుట్టి, గ్రాంట్ మెడికల్ కాలేజీలో మొదటి తరగతి విద్యార్థుల్లో ఒకడై, పేదలకు ఉచితంగా వైద్యం చేసిన ఆ మహానుభావుడే. రాణీబాగ్ పక్కన ఉన్న మ్యూజియానికి 1975లో పెట్టిన పేరు ఆయనదే. ఒక సాంబ్రాణి చెట్టుకు కూడా మన బైకుల్లా మనిషి పేరు పెట్టారని ఆ మ్యూజియం ముందు నుంచి రోజూ బస్సులో పోయే మనలో ఎంతమందికి తెలుసు? తరవాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టును వేరే జాతిలో కలిపేశారు గాని, పేరు పుస్తకాల్లో అలాగే ఉంది.

ఈ తోట, ఈ కాలేజీ, ఈ రేవు, ఈ రోడ్లు కట్టిన కాలమే మనవాళ్లు ఇక్కడ స్థిరపడిన కాలం. ఏడు దీవుల మధ్య సముద్రపు నీరు రాకుండా హార్న్‌బీ కాలంలో కట్ట వేశాక పల్లపు భూములు పైకి తేలాయి. వాటిని పూడ్చడానికి, ఇళ్లు కట్టడానికి నిజాం సీమ నుంచి వచ్చిన తెలుగు కూలీలను, మేస్త్రీలను కామాఠీలు అన్నారు. వాళ్ల పేరే పేటకు నిలిచింది. బయటివాళ్లకు కామాఠీపుర అంటే ఒక్క సంగతే గుర్తొస్తుంది. ఈ ఊరికి పునాది తట్ట మోసినవాళ్ల పేట ఇది అన్న సంగతి గుర్తు రాదు. పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ మెట్ట ఊళ్ల నుంచి కరువుకు తట్టుకోలేక వచ్చినవాళ్లు గల్లీల్లో పది బై పది ఖోలీల్లో బతికారు. అయినా బిడ్డకు తలంటు పోశాక జుట్టు ఆరడానికి సాంబ్రాణి పొగ వేయడం మానలేదు. బోనాలకు, బతుకమ్మకు, అమ్మవారి పూజకు ఆ పొగ ఉండాల్సిందే.

రైల్వేలో పనిచేసినవాణ్ణి కనుక ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. భుసావల్ నుంచి ఖండ్వా వైపు పోతే బుర్హాన్‌పూర్ దాటాక నేపానగర్ స్టేషన్ వస్తుంది. అక్కడి నేపా మిల్లు మన దేశంలో మొదటి న్యూస్‌ప్రింట్ కారఖానా. 1956లో నెహ్రూగారు ప్రారంభించారు. కాగితం గుజ్జుకు ఆ మిల్లు వాడిన కలపల్లో ముఖ్యమైనది సలయి, అంటే మన అందుగే. ధూపం ఇచ్చే చెట్టునే నరికి వార్తాపత్రికలు అచ్చువేశారన్నమాట. ఆ రోజుల్లో అది దేశానికి అవసరం, తప్పుపట్టలేం. కాని చెట్టు ఖాతాలో అది ఖర్చే కదా.

ఆ ఖాతా ఇప్పుడు బాగోలేదు. ఆయుర్వేదంలో కీళ్లనొప్పులకు శల్లకి పాతమందు. 1990లలో జర్మనీలో ఆ బంకలోని బాస్వెల్లిక్ ఆమ్లాల మీద పరిశోధనలు జరిగాక బిళ్లలు, క్యాప్సూల్స్ ప్రపంచమంతా అమ్ముడవుతున్నాయి. గిరాకీ పెరిగితే గాట్లు పెరుగుతాయి. చెట్టుకు విరామం ఇవ్వకుండా చుట్టూ చెక్కితే పూత తగ్గుతుంది, గింజ బలం తగ్గుతుంది, పురుగు పడుతుంది. అందుగు గింజల్లో మొలిచేవి మామూలుగానే తక్కువ. ఆఫ్రికాలోని దాని అక్కచెల్లెళ్ల మీద 2019లో ఒక పరిశోధక బృందం లెక్క తీసింది. చాలా అడవుల్లో ముసలి చెట్లే ఉన్నాయి, లేత మొక్కలు కనబడటం లేదు, ఇలాగే సాగితే ఇరవై ఏళ్లలో దిగుబడి సగానికి పడుతుంది అని. పెద్దలు ఉండి పిల్లలు లేని ఇల్లు ఎలా ఉంటుందో మన చాళ్లు చూస్తున్నవాళ్లకు వేరే చెప్పాలా?

మరి మనం ఏం చేయగలం? ముంబైలో నాటమని నేను అనను. ఇక్కడి వానకు, నీళ్లు నిలిచే నేలకు ఆ చెట్టు సుఖపడదు. కాని మనలో చాలామందికి ఊళ్లో ఎకరమో అరెకరమో మెట్ట పొలం, రాళ్ల గట్టు ఇంకా ఉంది. కౌలుకు ఇచ్చి మరిచిపోయాం. అందుగు గింజతో కన్నా కొమ్మతో సులువుగా వస్తుంది. వానలకు ముందు మణికట్టు లావు కొమ్మను మనిషి ఛాతీ ఎత్తున నరికి, మూడో వంతు భూమిలో పాతి, నీరు నిలవకుండా చూస్తే చాలు. బంకకు చాలా ఏళ్లు ఆగాలి, అది మన మనవల కోసం. సొంత గట్టు మీదే నాటండి. అడవిలో చెట్టు జోలికి వెళ్లకండి. అక్కడి చిన్నతరహా ఫలసాయం మీద హక్కు 2006 చట్టం ప్రకారం అడవిలో బతికేవాళ్లది. బంక కొనాలనుకుంటే విశాఖపట్నంలో 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థలాంటి చోట అడిగి కొంటే డబ్బు సేకరించినవాళ్లకు కొంతైనా చేరుతుంది.

ఇంకో మాట. చిన్న ఖోలీలో కిటికీ మూసి పొగ వేయకండి, ఉబ్బసం ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు మంచిది కాదు. శల్లకి బిళ్లలు డాక్టరును అడిగే వేసుకోండి. పూజ సాంబ్రాణిని మందనుకుని మింగకండి.

మన గల్లీల పునరభివృద్ధి మాట నడుస్తోంది. రేపో మాపో చాళ్ల స్థానంలో టవర్లు వస్తాయి. మంచిదే, అందరికీ సొంత మరుగుదొడ్డి ఉన్న ఇల్లు కావాలి. గోడలు పోయినప్పుడు మాటలు కూడా పోకూడదు. అందుకని కమిటీకి, సభ్యులకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దలను కూర్చోబెట్టి మూడు సంగతులు అడగండి: మన ఊరు ఏది, ఏ కరువులో బయలుదేరాం, ఆ ఊరి గుట్ట మీది చెట్లను ఏ పేర్లతో పిలిచేవాళ్లం. వచ్చిన జవాబులు ఈ పోస్టు కిందే రాయండి. అన్నీ ఒక నోట్‌బుక్‌లో ఎక్కించే పని నాది. పెన్షనుదారుణ్ణి, టైముకు కొదవ లేదు.