బత్తాయి కణజాల వర్ధన యానకం

బత్తాయి కణజాల వర్ధన యానకం అంటే బత్తాయి కణాలను, మొగ్గలను, పిండాలను గాజు నాళికలో సూక్ష్మజీవులు చేరకుండా పెంచడానికి వాడే పోషక ద్రవం లేదా జెల్లీ. తెగుళ్లు లేని మొక్కలను తయారుచేయడంలో దీనికి ప్రాముఖ్యత ఉంది.

నేపథ్యం

దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలోని నల్గొండ బత్తాయి సాగుకు పేరుపొందింది. ఇక్కడి ఎర్రచల్కా నేలల్లో ఎక్కువగా సాత్‌గుడి రకాన్ని పండిస్తారు. రాయలసీమలో ఇదే పండును చీనీ అంటారు. సాధారణంగా రంగ్‌పూర్ నిమ్మ మొలకపై బత్తాయి మొగ్గను అంటుకట్టి మొక్కను తయారుచేస్తారు. తల్లిచెట్టుకు గ్రీనింగ్ తెగులు గానీ ట్రిస్టిజా వైరస్ గానీ ఉంటే, మొగ్గ ద్వారా అది అంటుమొక్కకు సంక్రమిస్తుంది. నర్సరీలో పచ్చగా కనిపించిన మొక్కలోని తెగులు కొన్నేళ్ల తరువాత బయటపడవచ్చు. అప్పటికి రైతు పెట్టుబడి, బోరుబావి నీరు ఖర్చయిపోతాయి. నల్గొండ జిల్లా కొండమల్లేపల్లిలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది.

యానకంలోని పదార్థాలు

తోషియో మురషిగె, ఫోల్కె స్కూగ్ 1962లో పొగాకు కణజాలం కోసం రూపొందించిన ఎం.ఎస్. యానకం ఎక్కువ ప్రయోగాలకు ఆధారం. లీటరు నీటిలో ప్రధాన పదార్థాలు ఇవి:

* అమ్మోనియం నైట్రేట్ – 1650 మి.గ్రా.
* పొటాషియం నైట్రేట్ – 1900 మి.గ్రా.
* కాల్షియం క్లోరైడ్ – 440 మి.గ్రా.
* మెగ్నీషియం సల్ఫేట్ – 370 మి.గ్రా.
* పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ – 170 మి.గ్రా.
* చక్కెర – 30 గ్రా.

వీటికి ఇనుము, సూక్ష్మపోషకాలు, విటమిన్లు, హార్మోన్లు కలుపుతారు. గట్టిపడటానికి అగార్ వేస్తారు. 1969లో మురషిగె, టక్కర్ నిమ్మజాతి కోసం ఇవే లవణాలను ఉంచి, విటమిన్లను, చక్కెరను పెంచారు. వృక్షజాతులన్నిటికీ ఒకే యానకం సరిపోదు. 1980లో లాయిడ్, మెక్‌కౌన్ కలప మొక్కలకు నత్రజని బాగా తగ్గించిన యానకాన్ని ప్రకటించారు. 1984లో డ్రైవర్, కునియుకి అక్రోటు చెట్టు కోసం రూపొందించిన యానకంలో కాల్షియం ఎం.ఎస్. కంటే సుమారు మూడు రెట్లు ఉంటుంది.

యానకాన్ని సరిదిద్దే పద్ధతి

ఒక్కొక్క పదార్థాన్నే మార్చి చూడటం పాత పద్ధతి. అయితే ఒక పదార్థం ప్రభావం మరొకదానిపై ఆధారపడితే ఈ పద్ధతిలో తెలియదు. నాలుగు పదార్థాలను మూడేసి స్థాయిల్లో అన్ని విధాలా కలిపితే 81 మిశ్రమాలు అవుతాయి. అందువల్ల గణాంక పద్ధతులతో కొన్ని మిశ్రమాలనే ఎంచుకుని, మిగిలినవాటి ఫలితాన్ని అంచనా వేస్తారు.

మరో చిక్కు లవణాలది. నత్రజని తగ్గించాలని పొటాషియం నైట్రేట్‌ను తగ్గిస్తే పొటాషియం కూడా తగ్గుతుంది. ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేము. 2007లో అమెరికా పరిశోధకులు నీడ్జ్, ఈవెన్స్ వాలెన్షియా నారింజ కణజాలంపై చేసిన అధ్యయనంలో లవణాలను కాక అయాన్లను లెక్కలోకి తీసుకున్నారు.

కొనమొగ్గ అంటు

తెగులు సోకిన చెట్టు నుండి కూడా ఆరోగ్యమైన మొక్కను రాబట్టడానికి ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. 1972లో మురషిగె బృందం దీన్ని ప్రారంభించగా, 1975లో నవారో, రోయిస్టాకర్, మురషిగె మెరుగుపరిచారు. చీకటిలో మొలకెత్తించిన లేత మొలక తల తుంచి, మిల్లీమీటరులో ఐదో వంతుకు మించని కొనమొగ్గను సూక్ష్మదర్శిని కింద అమరుస్తారు. వైరస్‌లు, బాక్టీరియా సాధారణంగా ఈ కొన వరకు చేరవు. అంటిన మొలకను లీటరుకు 75 గ్రాముల చక్కెర గల ద్రవ యానకంలో పెంచుతారు. గింజ మొక్కలకుండే ముళ్లు, ఆలస్యపు కాపు ఇందులో ఉండవు.

ఇతర పండ్లచెట్లు

మహబూబ్‌నగర్ ప్రాంతపు బాలానగర్ పేరుతో ప్రసిద్ధమైన సీతాఫలంలో, 1980వ దశకంలో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల పరిశోధకులు పరాగకోశాలు, ఆకు ముక్కల నుండి మొక్కలు రాబట్టారు. దానిమ్మలో కణజాల వర్ధన మొక్కలు వాణిజ్య స్థాయిలో లభిస్తున్నాయి. కొల్లాపూర్ ప్రాంతంలో పండే మామిడి మాత్రం కష్టమైనది. కోసిన ముక్క నుండి ఫినాల్ పదార్థాలు ఊరి, కణజాలం నల్లబడి చనిపోతుంది.

పరిమితులు

నాళికలోని మొక్క అధిక తేమకు అలవాటు పడి ఉంటుంది. దాన్ని క్రమంగా బయటి గాలికి అలవాటు చేయకపోతే 40 డిగ్రీలు దాటే ఇక్కడి వేసవిని తట్టుకోలేదు. తెగులు లేని మొక్కకు తెగులును నిరోధించే శక్తి ఉన్నట్లు కాదు. సిల్లా పురుగు ద్వారా గ్రీనింగ్, పేనుబంక ద్వారా ట్రిస్టిజా తోటలో తిరిగి సోకవచ్చు. అందుచేత తల్లిమొక్కలను పురుగులు చొరబడని వలగృహాల్లో ఉంచి, ఎప్పటికప్పుడు పరీక్షించవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* బత్తాయి
* సీతాఫలం
* కణజాల వర్ధనం
* అంటు కట్టడం