పలకని ‘కె’ వెనక చరిత్ర

హైదరాబాదు బడుల్లోకి ఇంగ్లీషు భాష, ఇంగ్లండు చరిత్ర జంటగా అడుగుపెట్టాయి. నిజాం దర్బారులో 1880ల దాకా పారశీకం, ఆ తరువాత ఉర్దూ రాజ్యమేలాయి. ఇంగ్లీషు చదువు మాత్రం మద్రాసు దారిన వచ్చింది. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షలో ఇంగ్లీషుతో పాటు ఇంగ్లండు చరిత్ర కూడా చదవాల్సి వచ్చేది. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు పన్నెండేళ్లకే, 1891లో, గట్టెక్కిన పరీక్ష అదే. 1887లో మొదలైన నిజాం కాలేజీ కూడా 1947 వరకు మద్రాసు నీడనే ఉంది.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం దారి మార్చింది. పాఠాలన్నీ ఉర్దూలో, ఇంగ్లీషు మాత్రం అందరికీ తప్పనిసరి సబ్జెక్టు. పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చేందుకు ప్రత్యేకంగా అనువాద శాఖే పెట్టారు. అదే కాలంలో, 1923లో, బేగంపేటలో జాగీర్దార్ల పిల్లల కోసం ఇంగ్లండులోని ఈటన్ తరహాలో జాగీర్దార్ కాలేజీ వెలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాక అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూలు అయింది. అమీర్‌పేట, పంజాగుట్ట వైపు నుంచి బస్సెక్కిన పిల్లలు ఆ గోడ పక్కనుంచి రోజూ వెళ్తుంటారు. గోడ అవతలి ఇంగ్లీషు చాలాకాలం వాళ్లది కాలేదు. 1958లో హైదరాబాదులోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఏర్పడి, దేశమంతటి ఇంగ్లీషు మాస్టర్లకు బోధన పద్ధతులు నేర్పింది. నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికి (ఇఫ్లూ) మూలం అదే.

సర్కారు బడిలో అడ్డుగోడ ఆలస్యంగా కదిలింది. 2022-23లో తెలంగాణ ప్రభుత్వం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టింది. పుస్తకాలు ద్విభాషల్లో అచ్చయ్యాయి. తెరిస్తే ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు.

హైదరాబాదులోని బోరబండ లాంటి చోట ఈ ఏర్పాటుకు ఓ విశేషం ఉంది. సనత్‌నగర్ పారిశ్రామికవాడను ఆనుకుని పెరిగిన ఈ ప్రాంతంలో పేటల పేర్లే సైట్-1, సైట్-2, సైట్-3. ఊరి పేరులో తెలుగు బండ, పేట పేరులో ఇంగ్లీషు సైటు. ఒకే బెంచీ మీద తెలుగింటి పిల్ల, ఉర్దూ ఇంటి పిల్ల కూర్చుంటారు. ఒకరు ‘స్కూలు’ అంటే ఇంకొకరు ‘ఇస్కూల్’ అంటారు. తెలుగు నాలుక సాధారణంగా హల్లుతో మాట ముగించదు, చివర ఉకారం తగిలిస్తుంది. ఉర్దూ నాలుకకు మొదటి జంట హల్లు మింగుడుపడదు, ముందు ఇకారం పెడుతుంది. ఇద్దరూ తప్పు పలకడం లేదు. అదే మాటను ఎవరి అచ్చులో వాళ్లు పోసుకుంటున్నారు.

ఇంగ్లీషూ అలా పోతపోసుకున్న భాషే. 1066లో నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండును గెలిచాక మూడు శతాబ్దాల దాకా అక్కడి కొలువులో, న్యాయస్థానంలో ఫ్రెంచిదే పెత్తనం. 1362లో గానీ వాదనలు ఇంగ్లీషులో సాగాలన్న చట్టం రాలేదు. కోర్టు, జడ్జి, ప్రిజన్ అన్నీ ఫ్రెంచి నుంచి వచ్చిన మాటలే. వకీలు, ఫిర్యాదు, ముద్దాయి, దస్తావేజు పాలకుల భాషల నుంచి తెలుగులోకి వచ్చిన దారీ ఇలాంటిదే. ఈ సంగతి బోరబండ పిల్లకు లండన్ పిల్ల కంటే త్వరగా అర్థం కావాలి.

పేటలోని మాంసం కొట్టు బోర్డు చూసినా చాలు. ఇంగ్లీషులో బతికున్న గొర్రెకు పేరు షీప్, అది కాసేవాడి పాత ఇంగ్లీషు మాట. అదే వండి ప్రభువు బల్ల మీద పెడితే మటన్, అది ఫ్రెంచి మాట. ఆవుకూ, దాని మాంసానికీ వేర్వేరు పేర్లు రావడానికీ కారణం ఇదే. హైదరాబాదుకు చేరేసరికి మటన్ అర్థం విస్తరించి మేక మాంసానికీ పేరైంది.

స్పెల్లింగు గొడవా చరిత్రదే. ‘నైట్’ అంటే వీరుడు, ‘నీ’ అంటే మోకాలు. రెండింటికీ ముందు పలకని ‘కె’ ఒకటి. 1400లో కన్నుమూసిన కవి చాసర్ కాలంలో ఆ కె పలికేవారు. 1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగు క్రమంగా గడ్డకట్టింది, ఉచ్చారణ మాత్రం ముందుకు సాగిపోయింది. అప్పు అనే అర్థమున్న ‘డెట్’లో ‘బి’ కథ వేరు: దాన్ని ఎవరూ పలకలేదు, లాటిన్ మూలం గుర్తుచేయాలని పండితులు ఇరికించారు.

తెలుగులో పలికినట్టే రాస్తాం కదా అనుకోవడం పూర్తి నిజం కాదు. ‘చెప్పు’లోనూ ‘చాప’లోనూ రాసేది ఒకే చకారం, పలికేవి రెండు శబ్దాలు. పాత పుస్తకాల్లోని అరసున్న ఎన్నడో నోట్లోంచి జారిపోయినా కాగితం మీద చాలాకాలం నిలిచింది. ‘నైట్’లోని కె దానికి దూరపు చుట్టం.

ఇంగ్లండు చరిత్ర నేరుగా పాఠంగానూ ఎదురవుతుంది: తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రంలో ప్రజాస్వామిక విప్లవాల పాఠం వస్తుంది. 1649లో ఇంగ్లండు రాజు ఒకటో చార్లెస్ తల తెగింది. 1688లో రెండో జేమ్స్ దేశం విడిచి పారిపోయాడు. ద్విభాషా పుస్తకంలో రెండు పక్కలా కనిపించే ముఖ్యమైన మాట పార్లమెంటు. తెలుగు పక్కన కూడా దాన్ని అలాగే ఉంచారు. దాని మూలం ఫ్రెంచి క్రియ ‘పార్లే’, అర్థం, మాట్లాడటం.