తూర్పుతీరంపై గగన నిఘా: 1942 ఏప్రిల్, తాడేపల్లిగూడెం రన్‌వే

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం తాడేపల్లిగూడెం వద్ద నిర్మించిన రన్‌వే నేడు ఆక్రమణల వివాదాల్లోనో, విమానాశ్రయ ప్రతిపాదనల్లోనో మాత్రమే ప్రస్తావనకు వస్తున్నది. సముద్రానికి 50 కిలోమీటర్లకు పైగా లోపల ఉన్న ఈ స్థలాన్ని స్థానిక చరిత్రగా మాత్రమే చదివితే దాని అర్థం సగమే తెలుస్తుంది. బంగాళాఖాతంపై నిఘా ఎంత బలహీనంగా ఉండేదో కూడా చూడాలి.

నౌకాదళానికి విమానమంటే మొదట ఆయుధం కాదు, కన్ను. రెండు యుద్ధాల నడుమ యూరప్ నౌకాదళాలు ఈ కన్ను కోసం ఎంతో శ్రమించాయి. ఫ్రాన్స్‌లో 1934లో తొలిసారి ఎగిరిన లువార్ 130 ఇందుకు మంచి ఉదాహరణ. దాని శరీరమే పడవ. యుద్ధనౌకపై నుంచి కాటాపుల్ట్ దానిని గాలిలోకి విసిరేది. పని ముగిశాక నీటిపై దిగితే క్రేన్ పైకి తీసుకొనేది. వేగం తక్కువే, కానీ గంటల తరబడి గాలిలో ఉండగలిగేది. 1941 జనవరిలో ఇండోచైనా తీరాన ఈ రకం విమానాలు థాయ్ నౌకల జాడ తెలిపాయి. 17వ తేదీన కోచాంగ్ వద్ద ఫ్రెంచి నౌకాదళం వాటిని దెబ్బతీసింది. చూపు ముందు, దాడి తరువాత.

యానాంపై ఫ్రెంచి జెండా ఎగురుతున్నా, ఆ ఫ్రెంచి కన్ను మన తీరానికి లేదు. భారత వైమానిక దళపు స్వచ్ఛంద రిజర్వు నుంచి ఏర్పడిన ఆరు తీరరక్షణ ఫ్లయిట్లలో ఆరవది విశాఖపట్నానికి వచ్చింది. దానికి దక్కినవి 1927లో తొలిసారి ఎగిరిన వాపిటీ విమానాలు: రెండు సీట్లు, రెండు అంతస్తుల రెక్కలు, ఒకే ఇంజను, కింద చక్రాలు. సముద్రం మధ్య ఇంజను ఆగిపోతే దిగడానికి చోటే లేని వాహనంతో సముద్రానికి కాపలా! ఆ యువకుల సాహసాన్ని మెచ్చుకోవచ్చు. వారిని పంపిన ఏర్పాటును మాత్రం మెచ్చుకోలేము.

1942 ఏప్రిల్ 4న సింహళం కొగ్గలా నుంచి వెళ్లిన కెనడా దళపు కాటలీనా సముద్ర విమానం జపాను నౌకాదళాన్ని కనిపెట్టి వార్త పంపింది. ఆ విమానాన్ని జపాను వారు కూల్చివేసి, దాని నాయకుడు బర్చల్‌ను, బతికిన సిబ్బందిని బంధించారు. మరునాడే కొలంబోపై దాడి జరిగింది. ఆ హెచ్చరిక కొలంబోకు అందింది గాని, రూజో విమానవాహకనౌకతో బంగాళాఖాతంలోకి వచ్చిన మరో దళాన్ని ఆపగల శక్తి మన తీరంలో లేదు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడ్డాయి. సముద్రంలో సుమారు 20 వర్తకనౌకలు మునిగాయి. మద్రాసు ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. నిఘా లోపానికి మూల్యం చెల్లించింది సైనికులొక్కరే కారు.

ఆ తరువాత కాటలీనాలు మద్రాసు సమీపంలోని ఎర్రకొండల చెరువుకు వచ్చాయి. మరి ఏలూరు ముంగిట అంతటి కొల్లేరు ఉండగా గూడెంలో నేలమీద దారి ఎందుకన్న ప్రశ్న సహజం. నా అంచనాలో జవాబు నీటి లోతులో ఉంది. పడవశరీరపు విమానానికి వైశాల్యం ఒక్కటే చాలదు; ఏడాది పొడవునా లోతు, అడ్డులేని నీటిబాట కావాలి. కొల్లేరు వరదలో ఊళ్లను చుట్టుముడుతుంది, వేసవిలో వెనక్కి తగ్గుతుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే ఒండ్రు, నాచు, తూడు దాని సహజ స్వభావం. ఉప్పుటేరు దాని మిగులు నీటిని సముద్రానికి చేరుస్తుంది. వలలకూ పక్షులకూ అనువైన ఆ లోతు భారీ విమానానికి చాలదు. పైగా యుద్ధం సాగేకొద్దీ ఎక్కువ దూరం ఎగిరే, నేలపై దిగే బహుళ ఇంజన్ల విమానాలు సముద్ర నిఘాలోకి వచ్చాయి. వాటికి కావలసింది గట్టి నేల, పొడవైన రన్‌వే, దగ్గరలో రైలు. మద్రాసు-కలకత్తా మార్గంలో ఉన్న గూడెంలో ఈ మూడూ ఉన్నాయి.