రహదారి చీటీ నుండి పాస్‌పోర్టు దాకా: హైదరాబాదు పాతబస్తీలో ప్రయాణపత్ర చరిత్ర

‘రహదారి’ అనే మాటకు నేటి వ్యవహారంలో పెద్ద బాట అన్న అర్థమే మిగిలింది. ఈ మాట పారసీకం నుండి వచ్చింది. ‘రాహ్‌దారీ’ అంటే దారిని కాయడం. దారి కాచినందుకు వసూలు చేసే సుంకం. ఠాణాలను ఆటంకం లేకుండా దాటించే చీటీకి కూడా ఆ పేరు వ్యాపించింది. నేడు పాస్‌పోర్టు చేసే పనిలో కొంత భాగం ఒకప్పుడు ఈ చీటీ చేసేది. అయితే రెండింటికీ మౌలికమైన భేదం ఉన్నది. ఈ మనిషిని పోనివ్వవచ్చునా అన్నది రహదారి చీటీ తేల్చే విషయం. ఈ మనిషి ఎవరు, ఏ రాజ్యానికి చెందినవాడు అన్నవి పాస్‌పోర్టు తేల్చే విషయాలు. మొదటి ప్రశ్న రెండవ ప్రశ్నగా మారిన క్రమాన్ని హైదరాబాదు పాతబస్తీ అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. హజ్ యాత్ర, హద్రమౌత్ అరబ్బుల స్థిరనివాసం, దేశవిభజన, గల్ఫ్ వలస అనే నాలుగు సందర్భాలు ఈ ఒక్క ప్రాంతంలోనే కలుస్తాయి కనుక ఈ పరిశీలనకు పాతబస్తీ అనువైన క్షేత్రం.

నిజాం పాలనలో పత్రాలు

బ్రిటిష్ ఇండియాలో అందరికీ వర్తించే పాస్‌పోర్టు నిబంధన మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వచ్చింది. యుద్ధానంతరం దానికి కొనసాగింపుగా 1920లో ఇండియన్ పాస్‌పోర్టు చట్టం ఏర్పడింది. హజ్ యాత్రికులకు ప్రత్యేక పత్రాలివ్వడం అంతకుముందే, 1880ల నాటికే ఉన్నది. యాత్రికుల ప్రయాణ ఏర్పాట్లను 1886లో బ్రిటిష్ ప్రభుత్వం థామస్ కుక్ సంస్థకు అప్పగించింది. నిరుపేద యాత్రికులు తిరుగు ప్రయాణానికి డబ్బు లేక హిజాజ్‌లో చిక్కుకుపోతారన్న ఆందోళన ఈ ఏర్పాట్ల వెనుక ఉండేది. అంటే సామాన్యుని చేతికి వచ్చిన తొలి ప్రయాణపత్రాలు అతని హక్కుగా కాక, ప్రభుత్వపు జాగ్రత్తగా పుట్టినవి.

హైదరాబాదు నివాసులు నిజాం ప్రజలే తప్ప బ్రిటిష్ ప్రజలు కారు. సముద్రం దాటితే మాత్రం వారు బ్రిటిష్ రక్షణలోని వ్యక్తులుగా పరిగణింపబడేవారు. స్వదేశంలో ఒక గుర్తింపు, విదేశంలో మరొక గుర్తింపు అనే ఈ ద్వంద్వత సంస్థానాల ప్రజలందరికీ సామాన్యం. హైదరాబాదులో దీనికి తోడు ముల్కీ ధ్రువపత్రం ఉన్నది. 1919 నాటి నిబంధనల ప్రకారం సంస్థానంలో ఉద్యోగం పొందడానికి ముల్కీ అని రుజువు చేసుకోవాలి. తాను ఈ నేలకు చెందినవాడినని కాగితం ద్వారా నిరూపించుకోవడం హైదరాబాదీకి పాస్‌పోర్టుతో మొదలైన అనుభవం కాదు.

బార్కస్: సైనికుడు పౌరుడైన వైనం

పాతబస్తీకి దక్షిణాన ఉన్న బార్కస్ పేరు ‘బ్యారక్స్’ అనే ఆంగ్ల పదానికి రూపాంతరం. నిజాం అక్రమసేనల్లో పనిచేయడానికి దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల వారసులు ఇక్కడ స్థిరపడ్డారు. స్థానికులు వీరిని చావుష్‌లు అంటారు. ఈ సంబంధం ఎంత గాఢమైనదంటే, ముకల్లాను ఏలిన కుఐతీ వంశపు మూలపురుషుడు హైదరాబాదు సేనలో జమేదారుగా ఎదిగినవాడే.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత యూనియన్‌లో చేరిన తరువాత ఈ సేనలు రద్దయ్యాయి. సైనికుడిగా వచ్చినవాడు ఇప్పుడు ఎవరు? ఇక్కడి స్త్రీని వివాహమాడి, ఇక్కడే పిల్లలను కన్నవాడు పరదేశియా? కొందరిని వెనక్కి పంపే ప్రయత్నాలు జరిగాయి. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం అయిదవ అధికరణంలో ఈ ప్రశ్నకు ఒక కొలత ఇచ్చింది: భారతదేశంలో స్థిరనివాసంతో పాటు ఇక్కడ పుట్టుక గాని, తల్లిదండ్రులలో ఒకరి పుట్టుక గాని, అయిదేళ్ల సాధారణ నివాసం గాని ఉండాలి. తల్లి పుట్టుకను కూడా ఆధారంగా అంగీకరించడం ఇక్కడ గమనార్హం. తండ్రి హద్రమౌత్‌వాడైనా హైదరాబాదీ తల్లి కన్న బిడ్డకు ఈ వాక్యం నీడనిచ్చింది.

విభజన: పత్రమే సాక్ష్యం

భారత పాకిస్తాన్‌ల మధ్య 1948 జులైలో పర్మిట్ పద్ధతి, 1952 అక్టోబరులో పాస్‌పోర్టు, వీసా పద్ధతి వచ్చాయి. పాతబస్తీలో అన్న ఇక్కడ, తమ్ముడు కరాచీలో ఉన్న కుటుంబాలకు బంధుదర్శనం అప్పటి నుండి విదేశయాత్ర అయింది. 1955 పౌరసత్వ చట్టం కింద ఏర్పడిన 1956 నియమాలలో ఒక కఠినమైన అంశం చేరింది. మరొక దేశపు పాస్‌పోర్టు పొందడం, ఆ దేశ పౌరసత్వాన్ని స్వచ్ఛందంగా స్వీకరించినట్లు తిరుగులేని రుజువు అవుతుంది. సుప్రీంకోర్టు 1962లో ఇజార్ అహ్మద్ ఖాన్ వ్యాజ్యంలో ఈ నియమాన్ని సమర్థించింది. అయితే అదే ఏడాది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న మరొక వ్యాజ్యంలో, పౌరసత్వం పోయిందా లేదా అన్న విషయాన్ని ముందుగా కేంద్ర ప్రభుత్వం విచారించి తేల్చనిదే దేశబహిష్కరణ చేయరాదని స్పష్టం చేసింది.

తిరిగి రావడానికి దొరికిన ఏకైక సాధనంగా పరదేశపు పాస్‌పోర్టు తీసుకున్నవాడికి, ఆ సాధనమే ప్రతికూల సాక్ష్యమైంది. మనసులోని ఉద్దేశానికీ చేతిలోని కాగితానికీ మధ్య ఘర్షణ వచ్చినప్పుడు చట్టం కాగితాన్నే నమ్మింది. రహదారి చీటీకి ఈ శక్తి ఎన్నడూ లేదు.

గల్ఫ్ వలస: చదువు, ముద్ర, కఫీల్

1954లో దేశంలో తొలి అయిదు ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయాలు బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు, నాగపూర్‌లలో ఏర్పడ్డాయి. హైదరాబాదుకు అందులో చోటు దక్కలేదు. ఆనాటికి పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వ ఇష్టం. 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు విదేశయానాన్ని వ్యక్తిస్వేచ్ఛలో భాగంగా గుర్తించింది. ఆ తీర్పు ఫలితంగా అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1978లో మేనకా గాంధీ తీర్పు ఈ హక్కుకు మరింత బలం చేకూర్చింది.

1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో పనులు పెరిగిన కాలానికి ఈ హక్కు అందుబాటులోకి రావడం పాతబస్తీకి కలిసివచ్చింది. బార్కస్ వాసులకు పూర్వికుల బంధుత్వాలు, భాషా పరిచయం తోడయ్యాయి. కాని 1983 వలసల చట్టం శ్రామికుల మధ్య ఒక గీత గీసింది. నిర్ణీత విద్యార్హత లేనివారు, ఉద్యోగం కోసం కొన్ని దేశాలకు వెళ్లడానికి వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందాలి. మోసాల నుండి రక్షణ దీని లక్ష్యం. ఆచరణలో మాత్రం ఒకే దేశపు పాస్‌పోర్టులో చదువుకున్నవారు, చదువుకోనివారు అనే రెండు తరగతులు ఏర్పడ్డాయి. 2018 జనవరిలో రెండవ తరగతివారికి నారింజరంగు పాస్‌పోర్టు ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చి, విమర్శల మూలంగా అదే నెలలో ఉపసంహరింపబడింది. అట్టరంగుతోనే మనిషి చదువు బయటపడుతుందన్నది ఆ విమర్శల సారం.

పాస్‌పోర్టుల చట్టం పదిహేడవ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు ఎల్లప్పుడూ కేంద్ర ప్రభుత్వపు సొత్తు. గల్ఫ్‌లో కార్మికుని పాస్‌పోర్టును తన బీరువాలో దాచుకునే కఫీల్‌కు ఆ పుస్తకంపై ఏ హక్కూ లేదు. హక్కు లేకున్నా పట్టు ఉన్నది. ఈ పట్టు నుండి తప్పించుకున్నవారి అవస్థను తెలుగు వలసకార్మికుల పదజాలం నమోదు చేసింది: ‘ఆజాద్ వీసా’, ‘ఇఖామా’, ‘ఖల్లివెల్లి’, ‘ఔట్‌పాస్’. అరబ్బీ, ఉర్దూ, ఆంగ్లాల నుండి వచ్చిన ఈ మాటలు నేడు పాతబస్తీలోనే కాక కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లోనూ వినబడతాయి. గల్ఫ్ వలస సాహిత్యాన్ని అధ్యయనం చేసేవారు వీటిని కేవలం అన్యదేశ్యాలుగా కాక, పత్రం లేని బ్రతుకుకు పెట్టుకున్న పేర్లుగా చూడవలసి ఉన్నది.

పేరు, పుట్టుక, పత్రం

దరఖాస్తు పట్టికలో పేరు, ఇంటిపేరు అని రెండు గళ్లుంటాయి. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. పాతబస్తీ ముస్లింలలో ఎందరికో ఇంటిపేరే ఉండదు. చావుష్‌ల పేర్లలో ‘బిన్’, ‘బా’ అనే వంశసూచకాలుంటాయి. ఉర్దూలో ఒకే విధంగా రాసే మొహమ్మద్ అనే పేరు ఆంగ్లంలో బడి కాగితంలో ఒక రకంగా, రేషన్‌కార్డులో మరొక రకంగా, ‘ఎం.డి.’ అనే పొడి అక్షరాలుగా ఇంకొక చోట కనిపిస్తుంది. లిపులు మారినప్పుడు సహజంగా కలిగే ఈ భేదం అధికారి బల్ల మీద అనుమానంగా మారుతుంది.

పుట్టినతేదీ విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. 1989 జనవరి 26న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు జననధ్రువపత్రమే చూపాలన్న నిబంధన చాలాకాలం ఉన్నది. మంత్రసాని చేతిలో ఇంట్లో పుట్టి, నమోదు కానివారికి ఇది పెద్ద అడ్డంకి. 2016 డిసెంబరులో బడి ధ్రువపత్రం, ఆధార్, పాన్ వంటి వాటిని అంగీకరించి దీన్ని సడలించారు. 2025లో సవరించిన నియమాల ప్రకారం 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి మళ్లీ జననధ్రువపత్రం ఒక్కటే ఆధారం. ఈలోగా 2009 నుండి సౌదీ ప్రభుత్వం హజ్‌కు అంతర్జాతీయ పాస్‌పోర్టును తప్పనిసరి చేయడంతో, యాత్రికుల ప్రత్యేక పత్రాలకు కాలం చెల్లింది. జీవితంలో ఒక్కసారి మక్కా చూడదలచిన వృద్ధురాలు కూడా ఈ రుజువుల వరుసలో నిలబడవలసి వచ్చింది.

నగరంలో మొదట ఏర్పడిన పాస్‌పోర్టు సేవాకేంద్రాలు మూడూ, అమీర్‌పేట, బేగంపేట, టోలీచౌకీలలో, పాతబస్తీకి వెలుపలే ఉండేవి. పూర్వపు నిరీక్షణ చాలావరకు తగ్గింది. కాని యంత్రం వేగవంతం చేసింది పత్రాన్ని ఇచ్చే పనిని మాత్రమే. పత్రానికి ఆధారమైన పత్రాలను సంపాదించే భారం దరఖాస్తుదారుని మీదనే ఉన్నది.

పై పరిశీలన వల్ల తేలేది ఇది. పాతబస్తీలో ప్రయాణపత్రం యాత్రికునికి ప్రభుత్వపు జాగ్రత్తగా మొదలై, విభజన తరువాత విధేయతకు సాక్ష్యమై, 1967 తరువాత హక్కుగా మారింది. కొత్త అర్థం వచ్చినప్పుడు పాత అర్థం తొలగిపోలేదు. అవన్నీ ఒకే పుస్తకంలో పొరలుగా మిగిలాయి. పాస్‌పోర్టు కోరడం చట్టం దృష్టిలో ప్రయాణానికి అనుమతి కోరడమే అయినా, పాతబస్తీ నివాసికి అది తన తాతముత్తాతల రాకను, తల్లి పుట్టుకను, తన పేరు వర్ణక్రమాన్ని తిరిగి రుజువు చేసుకోవడం కూడా అవుతున్నది. ముల్కీ ధ్రువపత్రం చరిత్రను, పాస్‌పోర్టు చరిత్రను ఇంతవరకు వేర్వేరుగా చదువుతూ వచ్చాము. నీవు ఎక్కడివాడివి అన్న ఒకే ప్రశ్నకు ఇవి రెండు కాలాల రూపాలు గనుక, వాటిని కలిపి చదవడం అవసరం.