లండన్ నుండి సిడ్నీకి

లండన్, సిడ్నీ నగరముల నడుమ భూగోళముపై అతి దగ్గరి దారి సుమారు 17,000 కిలోమీటర్లు. ఈ దూరము నూరేండ్ల క్రిందట ఎంతయో నేడును అంతే. తగ్గినది ప్రయాణకాలము. ఈ తగ్గుదల అంతయు విమానవేగము వలననే కలిగినదా?

1919లో ఆస్ట్రేలియా ప్రభుత్వము ఒక పందెము ప్రకటించినది. బ్రిటన్ నుండి 30 దినములలో ఆస్ట్రేలియాకు ఎగిరి వచ్చిన తమ దేశీయులకు 10,000 పౌండ్లు బహుమానము. రాస్ స్మిత్, కీత్ స్మిత్ అను సోదరులు ఇద్దరు మెకానిక్కులతో కూడి, నవంబరు 12న లండన్ చెంతనున్న హౌన్‌స్లో నుండి విక్కర్స్ విమీ విమానమున బయలుదేరి, డిసెంబరు 10న ఆస్ట్రేలియా ఉత్తరతీరమున గల డార్విన్ చేరిరి. మొత్తము 28 దినములు. ఇందు వారు ఆకాశమున నున్నది 136 గంటలే, అనగా ఆరు దినములైనను కాదు. మిగిలిన కాలము నేలపై గడచినది. సురబాయాలో చక్రములు బురదలో దిగబడగా, వెదురు చాపలు పరచి దారి చేసిన పిదపనే విమానము లేచినది. ఆ పందెముననే మరి రెండు విమానములు కూలి నలుగురు ప్రాణములు కోల్పోయిరి.

1947 డిసెంబరు 1న క్వాంటాస్ సంస్థవారి కాన్‌స్టెలేషన్ విమానము సిడ్నీ నుండి లండన్‌కు బయలుదేరినది. ప్రయాణము నాలుగు దినములకు తగ్గినది. అయినను డార్విన్, సింగపూరు, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో ఆగవలసి వచ్చినది.

ఇన్ని మజిలీలు ఏల? ఇంధనము కొరకు. దూరము పోవలెనన్న ఇంధనము ఎక్కువ నింపవలెను. నింపినకొలది బరువు హెచ్చును. ఆ బరువును మోయుటకే మరికొంత ఇంధనము ఖర్చగును. పొదుపుగా పనిచేయు ఇంజన్లు, తేలికైన విమానదేహములు వచ్చినకొలది ఈ చిక్కు విడినది. 1989 ఆగస్టులో ఒక బోయింగ్ 747-400 విమానము కొద్దిమందినే ఎక్కించుకొని, ఎచ్చటను దిగక, లండన్ నుండి సిడ్నీకి 20 గంటల 9 నిమిషములలో చేరినది. 2018 మార్చిలో పెర్త్, లండన్‌ల నడుమ సుమారు 14,500 కిలోమీటర్ల దూరము ఆగకుండ పోవు ప్రయాణీకుల విమానములు మొదలైనవి.

ఇప్పుడు లెక్క చూడుడు. 1919లోను 1989లోను ఎగిరిన దూరము సుమారు 18,000 కిలోమీటర్లే. 28 దినములు 20 గంటలైనవి, అనగా కాలము ముప్పదిమూడవ వంతుకు దిగినది. కాని వేగము గంటకు 132 కిలోమీటర్ల నుండి 890కి, అనగా ఏడు రెట్లకు లోపుగనే పెరిగినది. మిగిలిన లాభమంతయు మజిలీలు తగ్గుట వలన వచ్చినదే.

ఇకముందు వేగమే పెంచరాదా? ధ్వనివేగమును సమీపించినప్పుడు గాలి నిరోధము ఒక్కసారిగా హెచ్చును. అందుచేత 1960 ప్రాంతపు జెట్ విమానములవలెనే నేటివియు గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగముననే పోవుచున్నవి. 1976 నుండి 2003 వరకు ధ్వనిని మించి ప్రయాణీకులను మోసిన కాంకార్డ్, ఇందులో సగము దూరమైనను ఆగక పోజాలకుండెను. 17,000ను 900చే భాగించిన దాదాపు 19 గంటలు వచ్చును. వేగము మారనంతవరకు, మజిలీలన్నియు తొలగినను, ఈ ప్రయాణము అంతకంటె చెప్పుకోదగినంత తగ్గదు.