తలుపు తీసే ముందు

ఒకటి మూతపడ్డాకే రెండోది తియ్యాలి. బొగ్గుబావిలోకి వాలుగా దిగే ఇంక్లైన్ నోటి దగ్గర ఓవర్‌మెన్ ఈ మాట ఒకసారి చెప్పాడు, కిందికి దిగాక ఇంకోసారి చెప్పాడు. ఇప్పుడు తలుపు మీదే తెల్లరంగుతో రాసి ఉంది. సరే, మీరే లాగండి.

రాలేదు కదా. తాళం లేదు, తుప్పు లేదు, అవతల ఎవరూ పట్టుకోలేదు. రెండు చేతులూ వేసి, బూటుకాలు గోడకి తన్నిపట్టి లాగితే కాస్త సందు వచ్చింది. ఆ సందులోంచి గాలి ఈల వేస్తూ అటు దూరింది. మీ మెడలో తువ్వాలు కొస కూడా అటే లేచింది. "గట్టిగ గుంజుండ్రి సార్, అది అట్లనే మొరాయిస్తది" అంటూ ఓవర్‌మెన్ కూడా ఒక చెయ్యి వేశాడు. ముగ్గురం లోపలికి జారుకున్నాం. వదిలామో లేదో, తలుపు ధడేల్మని దానంతటదే మూసుకుంది.

ఇప్పుడు మనం ఉన్నది రెండు తలుపుల మధ్య చిన్న గదిలాంటి చోట. వెనక ఉన్నది మంచిగాలి వచ్చే దారి, ముందు ఉన్నది వాడిన గాలి పోయే దారి. ఈ తలుపులకి అటూ ఇటూ ఒత్తిడిలో తేడా ఎంతో కాదు, నీటిమట్టంతో కొలిస్తే కొద్ది సెంటీమీటర్లు. అయితే ఆ లెక్కలో ఒక్క మిల్లీమీటరంటే చదరపు మీటరుకి కిలో బరువు. 30 మిల్లీమీటర్ల తేడా ఉన్నచోట రెండు చదరపు మీటర్ల తలుపు మీద 60 కిలోలు ఆనుకుని ఉంటాయి. ఆ బరువు పెట్టిన యంత్రం ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. కిలోమీటరు అవతల, నేల మీద, గోదావరిఖని ఎండలో అది తిరుగుతోంది.

ఫ్యాన్ అంటే మనకి ముఖాన గాలి కొట్టేదే గుర్తొస్తుంది. బొగ్గుబావి ఫ్యాన్ ఎవరి ముఖానా కొట్టదు. గాలి బయటికి పోయే దారి చివర కూర్చుని, లోపల ఉన్నదాన్ని పీలుస్తుంది. ఆ లోటు పూడ్చడానికి ఇంక్లైన్ నోట్లోంచి బయటిగాలి దిగుతుంది. దిగిన గాలికి తెలివి ఉండదు. దగ్గరి దారి దొరికితే చాలు, తిన్నగా ఫ్యాన్ వైపు పోతుంది. చివర బొగ్గు తీసే ఫేస్ దగ్గర మనుషులున్నారనీ, వాళ్ళని చుట్టి రావాలనీ దానికి ఎవరు చెప్తారు? ఈ తలుపులు చెప్తాయి. అడ్డంగా కట్టిన ఇటుక గోడలు చెప్తాయి. ఒక గాలిదారి మీదుగా ఇంకో గాలిదారిని దాటించే వంతెనలు చెప్తాయి. ఫ్యాన్ లాగిన గాలిలో సగం కూడా ఫేస్ దాకా చేరని గనులున్నాయంటే, తప్పు ఫ్యాన్‌ది కాదు. ఎక్కడో ఒక గోడ బీటలు వారింది. ఎక్కడో ఒక తలుపు కింద ఎవరో చేతికి అందిన రాయి పెట్టి వెళ్ళారు. అందుకే తలుపుని ఒత్తిడికి ఎదురు తెరుచుకునేలా బిగిస్తారు, మనిషి మరిచినా గాలే దాన్ని మూసేస్తుంది. రాయి పెట్టినవాడిని మాత్రం గాలి ఏం చెయ్యలేదు.

రెండో తలుపు దాటండి. తేడా చర్మానికే తెలుస్తుంది. ఇందాకటి దారిలో గాలి చల్లగా, ఏ వాసనా లేకుండా ఉంది. ఇక్కడ వెచ్చగా, చెమ్మగా, తడి బొగ్గు వాసనతో వస్తోంది. ఇది మనుషుల్నీ, యంత్రాల్నీ, తవ్విపెట్టిన బొగ్గునీ రాసుకుంటూ వచ్చిన గాలి. ఓవర్‌మెన్ జేబులోంచి అరచేతి వెడల్పు గుండ్రని చట్రం తీశాడు. లోపల పల్చటి రేకు రెక్కలు, మధ్యలో ముల్లు. అనిమోమీటర్. రెండో చేతిలో స్టాప్‌వాచ్. గాలికి అడ్డం పడకుండా పక్కకి ఒదిగి నిలబడి, గోడ నుంచి గోడకి, పైకప్పు నుంచి నేలదాకా పాములా మెలికలు తిప్పుతూ నిమిషంపాటు ఆ చట్రాన్ని నడిపించాడు. ఒకేచోట పట్టుకుంటే లెక్క తప్పుతుంది, నడిమధ్య గాలి జోరుగా, గోడల దగ్గర మెల్లగా ఉంటుంది కాబట్టి.

"ఎనభై" అన్నాడు. నిమిషానికి 80 మీటర్లు. గ్యాలరీ 4.2 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు, అంటే పదిన్నర చదరపు మీటర్లు. గుణిస్తే నిమిషానికి 840 ఘనపు మీటర్లు. గోడకి వేలాడుతున్న నల్ల పలక మీద పాత అంకె చెరిపి కొత్తది రాశాడు. ఈ అంకె వెనక చట్టం ఉంది. షిఫ్టులో మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు, లేదా రోజూ తీసే టన్నుకి రెండున్నర, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అంత గాలి ఇవ్వాలి. మనుషుల లెక్కన ఈ గాలి 140 మందికి చాలుతుంది. బొగ్గు లెక్కన 336 టన్నులకే చాలుతుంది. బొగ్గు పెంచాలనుకునే మేనేజరు ముందు ఈ గోడ మీది పలక చూసుకోవాలి.

తర్వాత అతను సంచిలోంచి తీసిన వస్తువు చూసి నేను నవ్వాను. పిడికి తగిలించిన చట్రంలో రెండు థర్మామీటర్లు, ఒకదాని బుడ్డికి తడి ఒత్తి. గిలక్కాయ తిప్పినట్టు గిరగిరా తిప్పి గబుక్కున చదవాలి. నా ఉద్యోగమంతా దీనితోనే గడిచింది, అయితే బొగ్గుబావిలో కాదు. మాది కోయంబత్తూరు, ఆర్.ఎస్. పురం. రత్నసభాపతి ముదలియార్ పేరు మీద వెలసిన పేట, ఇంట్లో తెలుగు, వాకిట్లో తమిళం. 1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చాక ఊరినిండా నూలుమిల్లులు లేచాయి. వాటిలో చాలా వాటిని పెట్టింది మా నాయుళ్ళే. దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు 1937లో మా ఊళ్ళోనే, జి.డి. నాయుడు, బాలసుందరం నాయుడు చేతుల్లో తయారైందని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. నేను పనిచేసింది స్పిన్నింగ్ మిల్లు హ్యుమిడిఫికేషన్ ప్లాంటులో. రింగ్ ఫ్రేముల కింద, నేలలోపల, మనిషి వంగి నడిచేంత సొరంగాలుంటాయి. యంత్రాల వేడినీ దూదినలుసునీ ఫ్యాన్లు ఆ సొరంగాల్లోంచే లాగుతాయి. వడకట్టి, నీటి తుంపర్లలో కడిగి, మళ్ళీ పైకప్పు నుంచి వదులుతాం. తేమ 55, 60 శాతం దగ్గర నిలవకపోతే పోగు పుటుక్కున తెగుతుంది.

"అంటే మీకాడ దారానికి గాలి పెడ్తరా సార్?" అని ఓవర్‌మెన్ అడిగాడు. అవునన్నాను. మనుషుల సంగతి అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. మిల్లులో అంకె నిర్ణయించేది నూలు. మనుషులకి ఆ చెమ్మ హాయి కాదు, అలవాటు.

ఇక్కడ తడి థర్మామీటర్ 30 చూపించింది. 30.5 దాటితే గాలి సెకనుకి కనీసం ఒక మీటరు వేగంతో కదలాలి, 33.5 దాటకూడదు, దాటితే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. నిమిషానికి ఎనభై మీటర్లంటే సెకనుకి మీటరు పైమాటే కాబట్టి ఇంకాస్త వేడెక్కినా ఈ దారికి ఇబ్బంది లేదు. అదే ఇద్దరికీ తెలిసిన పరికరం, అదే తడి ఒత్తి, అడిగే ప్రశ్న మాత్రం వేరు.

వెనక్కి, మళ్ళీ ఆ తలుపుల మీదుగానే, మంచిగాలి దారిలోకి రండి. ఫేస్ దాకా ఇంకా చాలా నడవాలి. గోడలకి రాతిపొడి చల్లి తెల్లగా ఉంచారు, బొగ్గుధూళి అంటుకుని మంట పాకకుండా. నడుస్తూ ఒక పాత సంగతి చెప్తాను. ఫ్యాన్లు రాకముందు ఇంగ్లండు గనుల్లో గాలి బయటికి పోయే బావి అడుగున పెద్ద పొయ్యి మండించేవాళ్ళు. వేడిగాలి పైకి లేస్తే దాని వెంట గనిలోని గాలి వచ్చేది. మీథేన్ ఉండే చోట నిప్పు పెట్టి గాలి తెచ్చుకోవడం! హార్ట్‌లీ అనే గనికి ఉన్నదే ఒక్క బావి. మధ్యలో చెక్క గోడ కట్టి ఒక సగంలో గాలి దింపి, ఇంకో సగంలో ఎక్కించేవాళ్ళు. 1862 జనవరి 16న పంపు ఇంజను ఇనుపదూలం విరిగి, 20 టన్నులకి పైబడిన ముక్క ఆ బావిలో పడింది. చెక్క గోడ పోయింది, దారి మూసుకుంది, 204 మంది చనిపోయారు, ఎక్కువమంది ఊపిరాడకే. ఆ ఏడే గనికి రెండు దారులుండాలని అక్కడ చట్టం వచ్చింది. ఈ రోజు మీరు ఒక దారిన దిగి, ఇంకో దారి ఉందన్న ధీమాతో నడుస్తున్నారంటే దాని వెనక వాళ్ళున్నారు. ఇంచుమించు ఆ కాలంలోనే బెల్జియంలో గీబాల్ పెద్ద ఫ్యాను చేసి, దాని నోటికి పైకి పోను పోను వెడల్పయ్యే పొగగొట్టం తగిలించాడు. బయటికి దూసుకుపోయే గాలి వేగంలో వృథా అయ్యే శక్తిని కొంత వెనక్కి రాబట్టడానికి. గోదావరిఖని ఫ్యాన్‌హౌస్ పక్కన కూడా ఆ వెడల్పాటి నోరు కనిపిస్తుంది.

ఇదిగో ఫేస్. ముందుకి దారి లేదు, బొగ్గు గోడే. గాలి ఇక్కడి దాకా వచ్చి చుట్టి వెళ్ళడానికి రెండో దారి ఇంకా తవ్వలేదు, అందుకని చిన్న ఫ్యాను పెట్టి గుడ్డ గొట్టంలోంచి గాలి తోస్తున్నారు. గొట్టం పైకప్పుకి వేలాడుతూ నిండుగా ఉబ్బి ఉంది. ఆ చిన్న ఫ్యాను ఎక్కడ పెట్టాలన్నదే ఇక్కడ అసలు నేర్పు. మంచిగాలి దారిలో, వెనక్కి జరిపి పెట్టాలి. అక్కడికి వచ్చే గాలి అది లాగేదానికంటే ఎక్కువ ఉండాలి. లేకుంటే వాడిన గాలినే తిరిగి మింగి తిరిగి కక్కుతుంది, గొట్టం మాత్రం నిండుగానే కనిపిస్తుంది. మీ క్యాప్ ల్యాంప్ వెలుగులో చూడండి, బొగ్గు నలుసులన్నీ ఒకేవైపు జరుగుతున్నాయి. ఓవర్‌మెన్లు కొలవక ముందే దీన్ని చూస్తారు.

ఎస్‌డీఎల్ యంత్రం బొగ్గు ఎత్తుతోంది, మాట వినిపించదు. ఉన్నట్టుండి అది ఆగింది. గొట్టం మెల్లగా వాలి, ముడతలు పడి, ఖాళీ సంచిలా వేలాడింది. ఫోన్ మోగింది. ఓవర్‌మెన్ రెండు ముక్కలు విన్నాడు. "మెయిన్ ఫ్యాన్ బందయింది. అందరు బయటికి రాండ్రి." కేక కాదు, మామూలు గొంతే. నలుసులు చూడండి, ఇప్పుడు ఎటూ పోవడం లేదు, కిందికి దిగుతున్నాయి.

భయపడాల్సినంత తొందర లేదు, నిలబడి మాట్లాడేంత తీరికా లేదు. పీల్చే ఫ్యాను ఆగితే గనిలో ఒత్తిడి కొంచెం పెరుగుతుంది. తవ్వి వదిలేసిన గోఫ్‌లో ఉన్న గ్యాసుని అది కాసేపు లోపలే అదిమి ఉంచుతుంది. తోసే ఫ్యాను అయితే దీనికి ఎదురు. పీల్చే పద్ధతికి ఉన్న మంచి గుణాల్లో ఇదొకటి. ఆ కాసేపట్లోనే మనుషులు కదలాలి. ఓవర్‌మెన్ ఒక్కొక్కరి ల్యాంప్ లెక్కపెట్టుకుంటూ చివర వస్తున్నాడు. ఫేస్ దారికి అడ్డంగా కంచె బిగించి, బోర్డు తగిలించాడు. మంచిగాలి దారిలోకి వచ్చాక మీకు కొంచెం కదలిక తెలుస్తుంది. లోపలి వేడికీ బయటికీ ఉన్న తేడా వల్ల ఫ్యాను లేకున్నా కాస్త గాలి నడుస్తుంది, అయితే దాన్ని నమ్మి పని చెయ్యరు.

ఆగిన గాలే కాదు, నడిచే గాలీ ప్రమాదం కావచ్చు. 1994 జనవరి 25న పశ్చిమ బెంగాల్‌లోని న్యూ కెండా గనిలో మంట లేచి 55 మంది చనిపోయారు. వాళ్ళని చంపింది గాలితో పాటు వచ్చిన విషవాయువు. మంచిగాలి దారిలో నిప్పు పుడితే, ఆ గాలే పొగని మోసుకెళ్ళి మనుషులకి అందిస్తుంది. అందుకే గని ఫ్యానుకి గాలిని వెనక్కి తిప్పే ఏర్పాటు ఉండాలి. ఎప్పుడు తిప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది మాత్రం పై నుంచి అందే ఆదేశం. తప్పు సమయంలో తిప్పితే క్షేమంగా ఉన్నవాళ్ళ వైపే పొగ మళ్ళుతుంది.

పైకి వచ్చాం. ఎండ కళ్ళలో పొడుస్తోంది. ఫ్యాన్‌హౌస్‌లో ఆపరేటర్ రిజిస్టర్ ముందు నిలబడి టైము రాస్తున్నాడు. గోడ మీది గుండ్రటి కాగితంపై కలం పొద్దున్నుంచీ ఒకే ఎత్తులో గీత గీస్తూ వచ్చి, ఒక్కచోట నిలువునా కిందికి జారింది. కరెంటు లైనులో ఏదో తేడా. ఫ్యాను గని నోటికి కాస్త పక్కగా ఉంటుంది, లోపల పేలుడు జరిగినా దాని దెబ్బ తిన్నగా తగలకూడదని. కిటికీలోంచి చూస్తే దూరంగా ఓపెన్‌కాస్ట్ మట్టిదిబ్బలు కనిపిస్తాయి. ఇప్పుడు సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం అక్కడిదే. అక్కడ ఫ్యాను అక్కర్లేదు, తలుపూ అక్కర్లేదు. టన్నుకి ఖర్చు లెక్క వేసేవాళ్ళకి అదే నచ్చుతుంది, కాదనలేం. ఊళ్ళు, అడవి, చెరువులు పోయే లెక్క వేరే కాగితం మీద ఉంటుంది.

లైను వచ్చింది. ఫ్యాను మెల్లగా అందుకుని, గొంతు పెంచి, నిలదొక్కుకుంది. కలం లేచింది. కార్మికులు షెడ్డు నీడలో కూర్చుని చాయ్ తాగుతున్నారు, ఎవరూ లేవలేదు. ఓవర్‌మెన్ మాత్రం లేచాడు. చేతిలో మీథేన్ కొలిచే మీటరు, వెంట అతని కింద పనిచేసే మైనింగ్ సర్దార్ ఒక్కడు. గాలి తిరిగి వచ్చినా, మూసుకున్న ప్రతి చివర దగ్గరా, పైకప్పుకి ఆనించి కొలవాలి. మీథేన్ తేలిక, పైకే చేరుతుంది. ఎక్కడైనా 1.25 శాతం దాటిందా, వెనక్కి పోయే గాలిలో 0.75 దాటిందా అన్నది ముందు తేలాలి.

"నేనూ రానా?" అని మీరు అడిగారు.

"వద్దు సార్, ఈడనే కూసోండ్రి. మేం అంత తిరిగి చూసొచ్చి బుక్కుల సంతకం పెట్టినంకనే ఎవ్వరన్న దిగేది. మేనేజర్ సాబు అయినా గంతే" అని చెప్పి, బెల్టుకి తగిలించిన, విషవాయువు నుంచి కాపాడే సెల్ఫ్ రెస్క్యూయర్ తడిమి చూసుకుని, ఇంక్లైన్ వైపు నడిచాడు.